మంచాన పడ్డ అమ్మకు నీళ్లు కూడా సరిగా ఇవ్వకపోతే చట్టం ఏమంటుంది?

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇతరులకూ పనికొస్తుంది కాబట్టి ముందు మీ ప్రశ్నను నాలుగు మాటల్లో చెప్తాను. మీ అమ్మకు 68 ఏళ్లు. దేవరకొండ దగ్గరి ఊళ్లో ఉంటారు. పక్షవాతం వచ్చి కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది, మతిమరుపు కూడా మొదలైంది. మీరు హైదరాబాద్‌లో ఉంటారు. మీరు, మీ అన్న చెరి సగం జీతమిచ్చి ఒక ఆయాను పెట్టారు. దసరాకు వెళ్లినప్పుడు అమ్మ మణికట్ల మీద కట్టిన గుర్తులు, నడుము కింద పుండ్లు, ఎండిపోయిన పెదవులు చూశారు. అడిగితే ఆయా, “నీళ్లు ఎక్కువ తాగితే పక్క తడుపుతది, అందుకే తక్కువ ఇస్తున్నం” అంది. పింఛను మీ అన్న తీసుకుంటున్నాడు. రెండెకరాల భూమి కాగితం మీద అమ్మ బొటనవేలి నిశాని పడిందని తెలిసింది. స్టేషన్‌కు పోతే “ఇది మీ ఇంటి పంచాయితీ, పెద్దమనుషుల్లో తెంపుకోండి” అన్నారు. ఊళ్లో “ఇచ్చిన పిల్లవు, నీకెందుకు” అంటున్నారు. ఇది నేరమా, ఎవరి మీద కేసు, అమ్మ మాట్లాడలేదు కదా, నేను పెట్టొచ్చా అని మీరు అడుగుతున్నారు.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మేజిస్ట్రేట్ కోర్టుల్లో ప్రాసిక్యూషన్ తరఫున పనిచేసి రిటైరయ్యాను. కాబట్టి ఏ కేసు నిలబడుతుంది, ఏది ఎందుకు పడిపోతుంది అన్న వైపు నుంచే చెప్తాను.

ఇది నేరమే. ఒకటి కాదు, మీరు రాసిన దాంట్లో కనీసం నాలుగు వేర్వేరు నేరాలు కనిపిస్తున్నాయి. చిక్కు వేరే చోట ఉంది. పిల్లల్ని చూసుకునేవాళ్లే హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ అని ఒకటి సూటిగా ఉంది. తన పని తాను చేసుకోలేని పెద్దవాళ్ల కోసం అలాంటి ఒకే ఒక్క సెక్షన్ మన దగ్గర లేదు. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ న్యాయ సంహిత, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఈ నాలుగింటిలోంచి మనకు సరిపోయేవి ఏరుకోవాలి. స్టేషన్‌లో రైటర్‌కు ఇవన్నీ గుర్తుండవు. మీరు రాసిచ్చే కాగితంలోనే సెక్షన్ నంబరుతో సహా ఉంటే “ఇంటి పంచాయితీ” అనడం అంత తేలిక కాదు.

అయితే కేసు కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. అమ్మను అక్కడి నుంచి కదిలించండి. కేసు పెట్టగానే పోలీసులు వచ్చి అందరినీ తీసుకుపోతారని మీరు అనుకుంటున్నట్టుంది. అలా జరగదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో చాలావరకు అరెస్టు ఉండదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పంపిస్తారు. నోటీసు అందుకున్న మనిషి సాయంత్రానికి ఇంటికే వస్తాడు. ఆ ఇంట్లో మంచం మీద మీ అమ్మ ఉంటుంది. ఆ పరిస్థితి రానివ్వకండి. మీ ఇంటికో, అక్కాచెల్లెళ్ల ఇంటికో, అంతకన్నా ముందు దవాఖానకో తీసుకుపోండి.

దవాఖాన అంటే సర్కారు దవాఖానే. ప్రైవేటులో చూపించి మందులు రాయించుకుని వస్తే అమ్మకు నయం కావచ్చు గానీ కేసుకు గట్టి ఆధారం మిగలకపోవచ్చు. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆస్పత్రిలో క్యాజువాల్టీ డాక్టరుకు “చూసుకునే వాళ్లు కట్టేశారు, తిండి, నీళ్లు సరిగా ఇవ్వలేదు” అని స్పష్టంగా చెప్పి ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకు సంబంధించిన గాయం (మెడికో లీగల్ కేసు) కింద నమోదు చేయమని అడగండి. ఎమ్మెల్సీ రాస్తే సమాచారం ఆస్పత్రి నుంచే పోలీసులకు పోతుంది. గాయాల సర్టిఫికెట్‌లో ఏమేం రావాలో కూడా మీకు తెలిసి ఉండాలి. మణికట్ల మీది గుర్తులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, ఎంత పాతవి, పడక పుండ్లు ఏ దశలో ఉన్నాయి, చర్మం వరకేనా, కండ దాకా పోయాయా, ఒంట్లో నీరు తగ్గిన లక్షణాలు ఉన్నాయా, బరువు ఎంత, రక్త పరీక్షలో కిడ్నీ పనితీరు ఎలా ఉంది అన్నవి అందులో ఉండాలి. పడక పుండు ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువు కాదు. రెండు గంటలకోసారి పక్క మార్చినా కొందరికి పుండ్లు పడతాయి. డిఫెన్స్ వకీలు మొదట అడిగేది ఇదే. పుండుతో పాటు నీటి కొరత, బరువు తగ్గడం, కట్టిన గుర్తులు కలిసి ఉంటే అప్పుడది వేరే కథ చెప్తుంది. డాక్టరు ఆ కలయికను రాయాలి.

ఇక నీళ్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది అదే. ఈ పని చాలా ఇళ్లల్లో జరుగుతుంది. పక్క మార్చడం, బట్టలు ఉతకడం తప్పుతుందని నీళ్లు తగ్గిస్తారు. సాయంత్రం ఆరు తర్వాత గ్లాసు కూడా ఇవ్వరు. చేసేవాళ్లకు అది నేరమన్న ఆలోచనే ఉండదు, పని సులువు చేసుకోవడం అనుకుంటారు. కానీ వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్‌లోని (సి) అచ్చంగా దీని గురించే. వికలాంగుడైన వ్యక్తి ఎవరి సంరక్షణలో, ఎవరి అదుపులో ఉన్నాడో ఆ మనిషి తెలిసి తెలిసి ఆహారం గానీ ద్రవాలు గానీ ఇవ్వకపోతే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా. “ద్రవాలు” అన్న మాట చట్టంలోనే ఉంది. ఐదేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి ఇది పోలీసులు కోర్టు అనుమతి లేకుండా నేరుగా కేసు కట్టగల నేరం, పైగా నాన్‌బెయిలబుల్. ఇలాంటి కేసులు వినడానికి ప్రతి జిల్లాలో ఒక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా పెట్టాలని కూడా ఈ చట్టమే చెప్తుంది. మీ కేసుకు వెన్నెముక ఈ సెక్షనే. ఆయా మీతో అన్న మాట ఉన్నది ఉన్నట్టు, ఆమె అన్న యాసలోనే, ఏ రోజు, ఎవరి ముందు అన్నదో రాసి పెట్టుకోండి. ఆ మాటలోనే “తెలిసి తెలిసి” అన్నది రుజువవుతుంది.

ఇక్కడ చాలామంది పోలీసులు “సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) ఉందా, పర్సెంటేజీ ఎంత” అని అడిగి ఆపేస్తారు. పింఛనుకు, రిజర్వేషన్‌కు 40 శాతం కావాలి. 92వ సెక్షన్‌కు ఆ షరతు లేదు. ఆ సెక్షన్ మాట్లాడేది “వికలాంగ వ్యక్తి” గురించి, అంటే దీర్ఘకాలంగా శారీరక, మానసిక లోపం ఉండి దానివల్ల అందరితో సమానంగా బతకలేకపోతున్న ఎవరైనా. పక్షవాతంతో కాలు చెయ్యి కదలకపోవడం నాడీ వ్యవస్థ వల్ల వచ్చిన కదలికల వైకల్యం, చట్టం షెడ్యూల్‌లో ఉన్నదే. సర్టిఫికెట్ ఉంటే వాదన తేలికవుతుంది, కాబట్టి దానికి దరఖాస్తు పెట్టండి. కానీ దాని కోసం ఫిర్యాదు ఆపకండి.

మతిమరుపు సంగతి కూడా ఇలాగే. జ్ఞాపకశక్తి, తాను ఎక్కడున్నదీ ఎవరితో ఉన్నదీ తెలిసే శక్తి బాగా దెబ్బతిని, మంచిచెడు తేల్చుకోలేని స్థితి వస్తే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని మానసిక అనారోగ్యంగానే చూస్తుంది. ఆ చట్టం 101వ సెక్షన్ చదివి వినిపించాల్సింది మీ స్టేషన్ అధికారికే. తన పరిధిలోని ఇంట్లో మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని హింసిస్తున్నారనో, పట్టించుకోవడం లేదనో నమ్మే కారణం ఉంటే స్టేషన్ ఆఫీసర్ వెంటనే మేజిస్ట్రేట్‌కు రిపోర్టు చేయాలి. “చేయవచ్చు” కాదు, చేయాలి. ఆ సంగతి తెలిసిన ఎవరైనా స్టేషన్‌కు తెలియజేయాలని కూడా ఆ సెక్షన్ చెప్తుంది. ఇంటి లోపల జరిగింది కాబట్టి మాకు సంబంధం లేదు అనడానికి ఈ సెక్షన్ దారి ఇవ్వదు.

కట్టేయడం గురించి. చీర ముక్కతో మంచానికి కట్టడం న్యాయ సంహిత 127 కింద అక్రమ నిర్బంధం. మామూలుగా ఏడాది దాకా జైలు. మూడు రోజులు, అంతకు మించి అయితే మూడేళ్ల దాకా. పది రోజులు, అంతకు మించి అయితే ఐదేళ్ల దాకా. అందుకే ఎన్నాళ్లుగా కడుతున్నారన్నది ముఖ్యం. పక్కింటివాళ్లు, పాలు పోసే మనిషి, బీపీ గోళీలు ఇవ్వడానికి వచ్చే ఆశా కార్యకర్త ఎవరైనా చూసి ఉంటారు. మీ అన్న ఏమంటాడో కూడా ముందే చెప్తాను. “కింద పడకుండా కట్టినం” అంటాడు. దాంట్లో కొంత నిజం ఉండొచ్చు. తన మంచిచెడు తనకు తెలియని మనిషికి మేలు కోసం సంరక్షకుడు సద్బుద్ధితో చేసిన పనికి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ సద్బుద్ధి అంటే తగిన జాగ్రత్త కూడా అందులో భాగమే. పడకుండా ఉండాలంటే మంచానికి రెండు పక్కల అడ్డు పెట్టొచ్చు, కింద పరుపు వేసి పడుకోబెట్టొచ్చు. చర్మం ఒరుసుకుపోయే దాకా రెండు చేతులూ కట్టేయడం ఆ మినహాయింపులోకి రాదు.

ఇప్పుడు ఆయా. డబ్బు తీసుకుని నిస్సహాయులను చూసుకుంటానని ఒప్పుకున్న మనిషి కావాలని ఆ పని మానేస్తే న్యాయ సంహిత 357 కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే 491. అప్పుడు జరిమానా 200 రూపాయలు. చిన్న వయసు, మతి స్థిమితం లేకపోవడం, జబ్బు, ఒంటి బలహీనత వల్ల తన అవసరాలు తాను తీర్చుకోలేని వారి కోసమే రాసిన సెక్షన్ ఇది. చూడగానే మన కేసుకు కుట్టించినట్టు ఉంటుంది. కానీ ఒక్కదాని మీదే ఆధారపడకండి. ఇది పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం కాదు, మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. శిక్ష చిన్నది. ఒప్పందం ఉందని చూపాలి. ఏజెన్సీ ద్వారా వస్తే కాగితం ఉంటుంది. ఊళ్లో మాట మీద పెట్టుకున్నప్పుడు ఫోన్‌పేలో నెలనెలా పంపిన జీతమే మీ ఒప్పందానికి సాక్ష్యం. ఆ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. మామూలుగా కొట్టి గాయపరచడం, అంటే 115(2) కూడా పోలీసులు నేరుగా కట్టలేని నేరమే. ఎఫ్‌ఐఆర్ లేకుండా కోర్టుకు పొమ్మనడానికి దీన్నే చూపిస్తారు. దానికి జవాబు ఉంది: ఒకే సంఘటనలో ఒక్కటైనా నేరుగా కట్టగల నేరం ఉంటే మొత్తం కేసును అలాగే చూడాలని నాగరిక్ సురక్షా సంహిత 174 చెప్తుంది. 92(సి), 127 ఉన్నాయి కాబట్టి మీ ఫిర్యాదు మొత్తం ఎఫ్‌ఐఆర్ కావాల్సిందే.

357 కొడుకుకు వర్తించదు. అతనికీ తల్లికీ మధ్య ఒప్పందం లేదు కదా. అంత మాత్రాన మీ అన్నకు బాధ్యత లేదని కాదు. 92(సి)లో ఉన్నది ఎవరి అదుపులో ఉంది అన్నదే, జీతం ఎవరు తీసుకున్నారు అన్నది కాదు. ఇంట్లో ఉంటూ, పింఛను తీసుకుంటూ, ఆయాకు ఏం చేయాలో చెప్తూ ఉన్నది మీ అన్న అయితే అదుపు అతనిది కూడా. నా అనుభవంలో ఇలాంటి కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. రక్తసంబంధం అడ్డొచ్చి కూలికి వచ్చిన పేదమనిషిని ఒక్కదాన్నే ముద్దాయిని చేసి, ఇంటి యజమానిని సాక్షిగా పెడతారు. విచారణలో ఆమె “నీళ్లు తగ్గించమని చెప్పింది వాళ్లే” అంటుంది, కేసు అక్కడే కూలిపోతుంది. అన్యాయం కూడా. ఎవరు చెప్పారు, ఎవరికి తెలుసు, ఎవరు చూసి ఊరుకున్నారు అన్నది ఫిర్యాదులో నిజాయితీగా రాయండి, తేల్చడం దర్యాప్తు అధికారి పని.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. చూసుకోలేకపోవడం, చూసుకోకపోవడం ఒకటి కాదు. పత్తి చేలకు కూలికి పోయి వచ్చి, ఇద్దరు పిల్లలతో, ఒంటిచేత్తో అత్తకు సేవ చేసే కోడలు అలసిపోయి ఒక పూట పక్క మార్చలేదంటే అది నేరం కాదు. చట్టం వాడే మాటలు “తెలిసి”, “కావాలని”. పాలమూరు వైపు ఎన్నో ఊళ్లలో కొడుకులు, కోడళ్లు ముంబైకో, హైదరాబాద్‌కో పనికి పోతే ముసలివాళ్లను పక్కింటివాళ్లే చూస్తున్నారు. వాళ్ల మీద కేసులు పెట్టడం మొదలైతే రేపు ఎవరూ ముందుకు రారు. మీ వదిన పాత్ర ఎంతవరకో మీకే బాగా తెలుసు. కోపంలో ఆమె పేరు కూడా కలిపేయకండి.

నల్లగొండ జిల్లా కాబట్టి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంకరపోయి, కీళ్లు బిగుసుకుని మంచానికే అతుక్కుపోయిన మనుషుల్ని మనం చూసినవాళ్లమే. అలాంటి వారిని మోటుగా లాగినా, తోసినా ఎముక విరగొచ్చు. ఎముక విరగడం, కీలు జారడం న్యాయ సంహితలో తీవ్ర గాయం, 117 కింద ఏడేళ్ల దాకా జైలు. “ముందే బలహీనం, మేం చేసిందేం లేదు” అన్న వాదన ఎక్కడి దాకా నిలుస్తుంది? ప్రాణం పోయిన కేసుల గురించి న్యాయ సంహిత తేల్చి చెప్పింది. జబ్బుతో, బలహీనతతో ఉన్న మనిషికి గాయం చేసి మరణాన్ని దగ్గరకు తెచ్చినా మరణం కలిగించినట్టే. గాయాల కేసుల్లో మాత్రం చేసినవాడికి ఆ బలహీనత తెలుసా అన్నది చూస్తారు. రోజూ చూసుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది? పదిహేను రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది ఇరవై రోజులు, కొత్త సంహితలో పదిహేనుకు తగ్గించారు. కండ దాకా పోయిన పడక పుండ్లకు ఈ దారి ఆలోచించమని దర్యాప్తు అధికారిని అడగొచ్చు.

తిండి పెట్టకుండా చంపితే చేతితో చంపినట్టు కాదు కదా అని కొందరు నమ్ముతారు. తప్పు. చట్టప్రకారం చేయాల్సిన పని చేయకపోవడం కూడా చేసిన పనితో సమానమని న్యాయ సంహిత మూడో సెక్షన్ చెప్తుంది. కొంత కొట్టి, కొంత తిండి మాన్పించి చంపాలనే చంపితే అది హత్యే. ఉద్దేశం లేకుండా నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106 కింద ఐదేళ్ల దాకా జైలు. గొడవ చేయకుండా పడుకోవాలని డాక్టరు రాయని నిద్రమాత్రలు ఇచ్చే అలవాటు ఉంటే అది కూడా చెప్పండి. హాని చేసే ఉద్దేశంతో మత్తుమందు ఇవ్వడం 123 కింద పదేళ్ల దాకా శిక్ష పడే నేరం. మంచం దగ్గర దొరికిన మాత్రల అట్టలు పారేయకండి.

నిశాని సంగతికి వస్తాను. దీన్ని మీరు “భూమి గొడవ”గా రాశారు. నేను ఫోర్జరీగా చూస్తాను. దొంగ సంతకం పెడితేనే ఫోర్జరీ అని మనవాళ్ల నమ్మకం. న్యాయ సంహిత 335లో ఇంకొక రకం ఉంది: మతి స్థిమితం లేకనో, మత్తులో ఉండో, మోసం వల్లనో ఆ కాగితంలో ఏముందో తెలియని మనిషి చేత దురుద్దేశంతో సంతకం చేయించడం. అంటే నిశాని నిజంగా మీ అమ్మదే అయినా, అది ఏంటో ఆమెకు తెలియదని వాళ్లకు తెలిసి వేయించుకుంటే అది దొంగ పత్రమే. ఆస్తి పత్రం మీద అలా చేస్తే 338 కింద పదేళ్ల దాకా, జీవిత ఖైదు దాకా కూడా శిక్ష ఉంది. నిశాని వేసిన రోజుకు అమ్మ స్థితి ఏంటన్నదే దీనికి ప్రాణం. పక్షవాతం వచ్చినప్పటి డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు, న్యూరాలజీ ఓపీ చీటీలు అన్నీ జాగ్రత్త చేయండి. రిజిస్ట్రేషన్ అయిందా, ఉత్త కాగితమేనా అన్నది తహసీల్దార్ ఆఫీసులో తెలుసుకోండి. అయి ఉంటే సర్టిఫైడ్ నకలు తీసుకోండి.

కానీ ఒక హెచ్చరిక. ఈ భూమి విషయాన్ని వేరే ఫిర్యాదుగా పెట్టండి. రెండూ ఒకే కాగితంలో రాస్తే అమ్మ మణికట్టు మీది మచ్చ ఎవరికీ కనిపించదు, రెండెకరాలే కనిపిస్తాయి. “ఆడబిడ్డ వాటా కోసం అమ్మను అడ్డం పెట్టుకుంది” అన్న ఒక్క వాక్యంతో స్టేషన్‌లోనూ, ఊళ్లోనూ, కోర్టులోనూ మీ మొత్తం కథను కొట్టేస్తారు. మొదట ఒళ్లు, తర్వాత భూమి.

పింఛను గురించి క్లుప్తంగా: అమ్మ పేరు మీద వచ్చే ఆసరా డబ్బు అమ్మ కోసమే ఖర్చు పెట్టాల్సింది. నమ్మి అప్పగించిన డబ్బును సొంతానికి వాడుకోవడం న్యాయ సంహిత 316 కింద నమ్మకద్రోహం, ఐదేళ్ల దాకా. అయితే తిండికి, ఆయాకు పెట్టిన ఖర్చు మీ అన్న లెక్క చూపిస్తాడు. దీని మీద పెద్దగా బలం పెట్టకండి.

పోలీసులు మళ్లీ కాదంటే ఏం చేయాలి? ఫిర్యాదును స్పీడ్ పోస్టులో జిల్లా ఎస్పీకి పంపండి. నాగరిక్ సురక్షా సంహిత 173(4) దానికే ఉంది. అప్పటికీ కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు 175(3) కింద పోవచ్చు. కానీ దీనికన్నా వేగమైన దారి మీ దగ్గర ఉంది, చాలామంది వకీళ్లు కూడా దాన్ని వాడరు. వికలాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్. వికలాంగులను హింసిస్తున్నారని నమ్మే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పొచ్చు. మన దగ్గర తహసీల్దారు, ఆర్డీవో ఆ హోదాలో ఉంటారు. “ఎవరైనా” అంటే ఇచ్చిన పిల్ల కూడా, పక్కింటి మనిషి కూడా, రిజిస్టరైన సంస్థ కూడా. ఆయన బాధితురాలిని కాపాడి తీసుకురమ్మని పోలీసులకు ఆదేశం ఇవ్వగలరు, సురక్షితమైన చోట ఉంచగలరు, పోషణ ఖర్చు ఇప్పించగలరు. అదే సెక్షన్ పోలీసు మీద కూడా ఒక బాధ్యత పెట్టింది: ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ మేజిస్ట్రేట్ దగ్గరకు పోవాలి, ఉచిత న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుంది అన్నది వాళ్లే చెప్పాలి. మీకు అది చెప్పలేదు. ఎస్పీకి రాసే ఉత్తరంలో ఈ మాట తప్పక రాయండి.

అమ్మ సాక్ష్యం గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. మాట ముద్దగా వచ్చినంత మాత్రాన సాక్షిగా పనికిరారని కాదు. ప్రశ్న అర్థమై, అర్థమయ్యే జవాబు ఇవ్వగలిగితే చాలు. మాట రాకపోతే రాతతో, సైగలతో చెప్పినా చెల్లుతుంది, దాన్ని వీడియో తీస్తారు. పక్షవాతం తర్వాత మాట పోయిన వాళ్లలో చాలామందికి ఎదుటివారు చెప్పేది అర్థమవుతూనే ఉంటుంది. ఆమెకు బాగుండే వేళ ఏదో మీరే గమనించి దర్యాప్తు అధికారికి చెప్పండి, ఎక్కువమందికి పొద్దున పూట మేలు. ఆమెను స్టేషన్‌కు రమ్మనే హక్కు పోలీసులకు లేదు. ఆడవాళ్లను, వికలాంగులను, జబ్బుతో ఉన్నవాళ్లను వాళ్లున్న చోటే విచారించాలి. మీ ఫోన్‌లో తీసిన ఫోటోలు అసలు ఫైళ్లుగా అదే ఫోన్‌లో ఉంచండి, వాట్సాప్‌లో పంపినవి నాణ్యత పోయి వస్తాయి. కోర్టుకు ఇచ్చేటప్పుడు కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి, అది లేక మంచి ఫోటోలు కూడా పక్కకు పోయిన కేసులు ఉన్నాయి.

2007 నాటి చట్టం సంగతి. 60 దాటిన వాళ్లను చూసుకోవాల్సిన మనిషి శాశ్వతంగా వదిలించుకోవాలని బస్టాండ్‌లోనో, గుడి దగ్గరో, ఆస్పత్రి వార్డులోనో వదిలేసిపోతే 24వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. మీ అమ్మను ఎక్కడా వదిలేయలేదు కాబట్టి ఇది మీకు రాదు. ఈ చట్టంలో మీకు పనికొచ్చేది దేవరకొండ ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్. నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించగలదు. అమ్మ స్వయంగా రాలేకపోతే ఆమె తరఫున వేరేవాళ్లు దరఖాస్తు పెట్టొచ్చు, ట్రిబ్యునల్ తనంతట తానూ తీసుకోవచ్చు. ఇచ్చిన ఆదేశం పాటించకపోతే నెల దాకా జైలు కూడా ఉంది. చూసుకుంటానన్న షరతు మీద గిఫ్ట్ డీడ్ రాయించుకుని చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద ఆ డీడ్‌ను రద్దు చేయొచ్చు. అలాంటి కేసులో ఆస్తిని తిరిగి స్వాధీనం చేయమని కూడా ట్రిబ్యునల్ చెప్పగలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఊర్మిళా దీక్షిత్ కేసులో స్పష్టం చేసింది. షరతు డీడ్‌లో ఉందా లేదా అన్నది మొదట చూడండి. అది లేని డీడ్‌కు ఈ దారి కష్టం, అప్పుడు పైన చెప్పిన ఫోర్జరీ దారి, సివిల్ కోర్టు.

ఖర్చుకు భయపడకండి. ఆడవాళ్లకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే 112.

ఈ వారంలో అమ్మను దవాఖానలో చేర్చి ఎమ్మెల్సీ రాయించండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది. 7వ సెక్షన్ కింద దరఖాస్తును గాయాల సర్టిఫికెట్ నకలుతో అక్కడే ఇవ్వండి, ఆర్డీవోకు ఒక కాపీ, ఎస్పీకి ఒక కాపీ. మీ దగ్గర మిగిలే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి.